కోడ్ రాయడం వచ్చు, బిల్లు రాయడం రాదు

మన క్లబ్ పత్రికలో ఎక్కువగా కథలు, కవితలు వస్తాయి. నాకు రెండూ రావు. నేను చదివిందంతా ఇంగ్లిష్ మీడియంలోనే, తెలుగు ఒక సబ్జెక్టు అంతే. అందుకని నాకు తగిలిన ఒక దెబ్బ మీద పాఠం లాంటిది రాస్తున్నా. ఒత్తులు, దీర్ఘాలు తప్పుంటే ఎడిటర్ గారు సరిచేసే ఉంటారు. లెక్కలు తప్పుంటే మాత్రం బాధ్యత నాదే.

పాఠం పేరు: ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయకుండా, సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతకడం ఎలా? రాత్రి పన్నెండు దాటాక హాస్టల్లో ఈ టాపిక్ రాని రూమ్ ఉండదు. "జాబ్ ఎందుకురా, ఒక యాప్ చేసి పడేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఏ భాషలో రాయాలి, ఏ డేటాబేస్ వాడాలి అని తెల్లారేదాకా వాదించుకుంటాం. డబ్బులు ఎవరు ఇస్తారు, ఎందుకు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

1. నా మొదటి కస్టమర్

ఫస్ట్ ఇయర్ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు, మా నాన్న స్నేహితుడి ఎరువుల షాపుకి ఒక సాఫ్ట్‌వేర్ చేసిచ్చా. ఆయన్ని నేను బాబాయ్ అంటా. యూరియా బస్తాలు, పురుగుమందులు, విత్తనాలు అమ్ముతారు. రైతులకి అప్పు మీద ఇచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకుంటారు. ఖాతా పుస్తకాలు అటక మీద దాకా పేరుకుపోయాయి. "ఇదంతా కంప్యూటర్లో పెట్టగలవా అమ్మా?" అన్నారు. "ఓ, చిన్న పని బాబాయ్" అన్నా.

ఆ "చిన్న పని" అన్న మాటే నా మొదటి బగ్.

ఎంత తీసుకుంటావు అంటే, నోటికొచ్చినట్టు 5,000 అన్నా. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. 2,000 చేతిలో పెట్టారు, మిగతాది అయ్యాక అన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మనవాళ్ళే కదా.

స్టాకు, బిల్లు, ఖాతా, మూడు స్క్రీన్లు అనుకున్నా. చేస్తుంటే పురుగుమందులకి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కావాలన్నారు. తర్వాత బాకీకి వడ్డీ లెక్క. తర్వాత ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ముగ్గురు రైతులు, కాబట్టి తండ్రి పేరు కూడా కావాలి. ఆరు వారాల్లో అయిపోయింది. మిగతా 3,000 కూడా ఇచ్చారు. ఇంట్లో స్వీట్లు పంచాం.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. కాలేజీకి వచ్చేశాక ఫోన్లు. ప్రింటర్ రావట్లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయాం. కొత్త కుర్రాడు వచ్చాడు, కాస్త నేర్పించు. ఈ నెల నుంచి ఇంకో కంపెనీ సరుకు కూడా, స్క్రీన్ మార్చు. రేపు ఎగ్జామ్ అనగా రాత్రి 10 గంటలకి ఫోన్: "అమ్మా, వడ్డీ తప్పు వస్తోంది, పొద్దున రైతు వస్తాడు." తప్పు నిజంగా నాదే. లీప్ సంవత్సరం లెక్క సరిగ్గా రాయలేదు. ఒంటిగంట దాకా కూర్చుని సరిచేశా. పొద్దున పేపర్ ఎలా రాశానో అడగకండి.

ఒకరోజు కోపంతో కాల్ హిస్టరీ, చాట్లు, కోడ్ మార్చిన తేదీలు అన్నీ ముందు పెట్టుకుని లెక్క వేశా. తయారు చేయడానికి సుమారు 110 గంటలు. ఆ తర్వాత ఏడు నెలల్లో ఫోన్లకి, మార్పులకి సుమారు 80 గంటలు. మొత్తం 190. ఐదు వేలని 190తో భాగిస్తే గంటకి 26 రూపాయలు చిల్లర.

మా క్యాంటీన్లో ఎగ్ పఫ్, టీ కలిపితే అంతకన్నా ఎక్కువ.

2. అమ్మ పుస్తకం

ఆ లెక్క అమ్మకి చూపించి, బాబాయ్ నన్ను మోసం చేశారని చెప్పా. అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. జాకెట్లు, డ్రెస్సులు, చీరలకి ఫాల్స్. చెప్పింది మొత్తం విని ఒకటే అడిగింది: "నువ్వు ఆది తీసుకున్నావా?"

తెలియనివాళ్ళ కోసం: ఆది అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. కొత్త జాకెట్టు సరిగ్గా దాని లెక్కనే కుట్టాలి. అమ్మ ఆది లేకుండా కత్తెర పట్టదు. తర్వాత తన పుస్తకం తెచ్చి చూపించింది. నోట్‌బుక్‌లో ఒక్కో పేజీకి ఒక్కో మనిషి. కొలతలు, మెడ ఎంత లోతు, లైనింగ్ ఉందా లేదా, ఎన్ని రూపాయలు, అడ్వాన్సు ఎంత, ఏ తారీఖుకి ఇవ్వాలి. అన్నీ ఉన్నాయి.

"కుట్టాక బిగుతైందంటే?" అని అడిగా.

"ఆదికన్నా బిగుతుగా ఉంటే నా తప్పు. విప్పి ఊరికే కుట్టిస్తా. ఆదికి సరిపోయి నీకు బిగుతైందంటే నువ్వు లావయ్యావు. అది ఆల్టరేషన్. డబ్బులు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పేపర్లో "బగ్‌కి, చేంజ్ రిక్వెస్ట్‌కి తేడా రాయండి" అంటే నేను పేజీ నిండా రాశా. అమ్మ రెండు ముక్కల్లో చెప్పేసింది. వడ్డీ తప్పు రావడం కుట్టు తప్పు, అది నేను ఊరికే సరిచేయాల్సిందే. కొత్త కంపెనీ సరుకు కోసం స్క్రీన్ మార్చడం ఆల్టరేషన్, దానికి డబ్బులు అడగాలి. నేను రెండింటినీ ఒకే గాటన కట్టా. ఎందుకంటే ఆది లేదు. ఏం చేస్తానని ఒప్పుకున్నానో ఎక్కడా రాసి లేదు.

"మరి పిన్నికి కుడితే?"

"పిన్నికి డబ్బులు తీసుకోను. కానీ పుస్తకంలో రాస్తా, ఊరికే అని. రాయకపోతే ఎన్ని కుట్టానో నాకూ తెలియదు, తనకీ తెలియదు."

మా అమ్మ ఇంటర్ దాకా చదివింది. నేను బీటెక్.

3. గంట ధర ఎలా కట్టాలి

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. సొంతంగా పనిచేసేవాడు ధర చెప్పాలంటే ముందు తన గంట విలువ తెలియాలి. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: ఫలానా కంపెనీలో నెలకి 50,000 ఇస్తారు, నెలకి 200 గంటలు, కాబట్టి నా గంట 250 రూపాయలు అనుకుంటారు. ఇది తప్పు. ఎందుకో చూద్దాం.

ఏడాదికి 52 వారాలు. పండగలు, జ్వరాలు, పెళ్ళిళ్ళకి 4 వారాలు తీసేయండి. మిగిలింది 48. వారానికి 5 రోజులు అంటే 240 రోజులు. రోజుకి 8 గంటలు కూర్చున్నా, కస్టమర్ డబ్బులిచ్చే పని అందులో సగమే. మిగతా సగం కొత్త కస్టమర్‌తో మాట్లాడటం, ధర రాసి పంపడం, బాకీ గుర్తుచేయడం, కొత్త విషయాలు నేర్చుకోవడం, మన లాప్‌టాప్ మనమే బాగుచేసుకోవడం. ఉద్యోగంలో ఈ పనులకి వేరే మనుషులుంటారు, వాటికి కూడా జీతం వస్తుంది. ఇక్కడ రాదు. కాబట్టి 240 × 4 = 960 గంటలు. ఏడాది మొత్తానికి అమ్ముకోగలిగినవి అన్నే.

ఇప్పుడు ఖర్చులు. ఇవి నేను వేసుకున్న అంచనాలు, మీరు మీవి వేసుకోండి. 80,000 లాప్‌టాప్ నాలుగేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 20,000. ఇంటర్నెట్ 12,000. సర్వర్లు, డొమైన్లు 13,000. ఆరోగ్య బీమా 15,000, ఎందుకంటే కంపెనీ ఇవ్వదు. ఆడిటర్‌కి 10,000. మొత్తం 70,000. పని దొరకని నెలల కోసం పక్కన పెట్టేది 80,000. రెండూ కలిపి లక్షన్నర. మనం బతకడానికి 6 లక్షలు అనుకుందాం. మొత్తం ఏడున్నర లక్షలు.

7,50,000 ÷ 960 = 781 రూపాయలు.

అంటే నెలకి 50,000 ఇచ్చే ఉద్యోగంతో సమానంగా బతకాలన్నా గంటకి 250 చాలదు, దానికి మూడు రెట్లు కావాలి. ఇది అత్యాశ అనుకోకండి. పైన చెప్పిన ఖాళీ గంటలు, బీమా, లాప్‌టాప్ అన్నీ ఆ గంటల్లోంచే రావాలి. నేను తీసుకున్న 26 రూపాయలు ఈ లెక్కలో ముప్ఫయ్యో వంతు.

అయితే ఎరువుల షాపు 110 గంటలకి 86,000 ఇస్తుందా? ఇవ్వదు. ఇక్కడే రెండో పాఠం ఉంది: ఒక్క కస్టమర్ మోయలేని ఖర్చుని పదిమంది మీద పంచాలి. దానికి ఒకటే దారి లేదు.

4. నాలుగు దారులు

మొదటిది, ఒకరి కోసం చేసే పని. గంట లెక్కన గానీ, మొత్తం పనికి ఇంత అని గానీ. అమ్మ జాకెట్టు లాంటిది. డబ్బు త్వరగా కనిపిస్తుంది, కానీ మన గంటలు అయిపోతే సంపాదన కూడా అక్కడితో ఆగిపోతుంది.

రెండోది, ఒకసారి తయారుచేసి చాలామందికి అమ్మడం. రెడీమేడ్ లాంటిది. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ 1982 నాటిది. అప్పటికి ఐబీఎమ్ పీసీ వచ్చి ఏడాదే. ఐబీఎమ్‌లో ఉద్యోగం చేస్తున్న జిమ్ నాఫ్ అనే ఆయన పీసీ-ఫైల్ అని చిన్న డేటాబేస్ ప్రోగ్రామ్ రాశాడు. కాపీ కొట్టుకోవద్దు అనలేదు. కాపీలు పంచుకోండి, నచ్చితే నాకు 10 డాలర్లు పంపండి అని ప్రోగ్రామ్‌లోనే రాశాడు. అదే సమయంలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌కి 25 డాలర్లు అడుగుతున్నాడు. తర్వాత ఏడాది బాబ్ వాలెస్ పీసీ-రైట్ అమ్మాడు. ఈ పద్ధతికే షేర్‌వేర్ అని పేరొచ్చింది. ఇందులో మనం గమనించాల్సినవి రెండు. నాఫ్ సిగ్గుపడకుండా అడిగాడు, ఎంత కావాలో, ఎక్కడికి పంపాలో రాసి మరీ అడిగాడు. ఇంకోటి, అడిగిన రోజే ఉద్యోగం మానలేదు. ప్రోగ్రామ్ మీద వచ్చేది జీతాన్ని దాటాకే మానాడు.

ఇదే దారిలో ఈ తరం ఉదాహరణ స్టార్‌డ్యూ వ్యాలీ. మనలో సగం మంది ఆడిన గేమే. ఎరిక్ బరోన్ కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం దొరక్క, ఒక్కడే మొదలుపెట్టాడు. కోడ్, బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తనే. నాలుగున్నరేళ్ళు పట్టింది. 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది, ఆ తర్వాత లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. రీల్స్‌లో ఇక్కడిదాకానే చెప్తారు. ఆ నాలుగున్నరేళ్ళు ఆయన ఒక థియేటర్లో సీట్లు చూపించే పని చేశాడని, ఇల్లు ఎక్కువగా తనతో ఉన్న అమ్మాయి సంపాదన మీద నడిచిందని చెప్పరు. నాలుగున్నరేళ్ళు ఒక్క రూపాయి రాకపోయినా మన ఇంట్లో ఎవరు మోస్తారు? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ఈ దారి పట్టకూడదని నా అభిప్రాయం.

మూడోది, నెలనెలా చందా. కేబుల్ టీవీ లాంటిది. మన లెక్కలో నెలకి 62,500 కావాలి కదా. యాప్ నెలకి 99 రూపాయలు అనుకోండి. స్టోర్ వాటా తీసేయాలి. యాపిల్ 2008లో యాప్ స్టోర్ తెరిచినప్పుడు వాటా 30 శాతం. 2021 నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించే చిన్నవాళ్ళకి 15 శాతం చేసింది. గూగుల్ ప్లే కూడా అదే ఏడాది మొదటి 10 లక్షల డాలర్ల మీద 15కి తగ్గించింది. 15 శాతం పోతే 99లో మనకి మిగిలేది 84. అంటే 744 మంది నెలనెలా కట్టాలి. పైగా నెలకి నూటికి ఐదుగురు మానేస్తారనుకుంటే, ప్రతి నెలా 37 మంది కొత్తవాళ్ళు వస్తేనే ఉన్నచోట ఉంటాం. అదే యాప్‌ని చందా లేకుండా ఒకేసారి 500కి అమ్మితే చేతికి 425 వస్తుంది. అప్పుడు ప్రతి నెలా 147 మంది కొత్తవాళ్ళు కొనాలి. ఏ దారిలో ఎంతమందిని వెతకాలో ముందు తెలిస్తే, ఏ యాప్ చేయాలన్నది దానంతటదే తేలుతుంది.

నాలుగోది, కోడ్ ఊరికే ఇచ్చి, బాధ్యత అమ్మడం. ఎస్‌క్యూలైట్ చూడండి. మీ ఫోన్లో ఇప్పుడు కూడా నడుస్తోంది. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టాడు, అమెరికా నౌకాదళం ఓడ కోసం చేస్తున్న ఒక పనిలోంచి పుట్టింది. దానికి లైసెన్సు కూడా లేదు, పబ్లిక్ డొమైన్‌లో పెట్టేశాడు. ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు. మరి తిండి? దాని మీద ఆధారపడ్డ పెద్ద కంపెనీలు సపోర్టు కోసం డబ్బు కడతాయి. రాత్రి ఏదైనా విరిగితే ఫోన్ ఎత్తే మనిషి కోసం కడతాయి. నేను బాబాయ్‌కి ఏడు నెలలు ఊరికే ఇచ్చింది సరిగ్గా అదే.

ఇదే దారిలో అడగకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. వెబ్‌సైట్లలో తాళం గుర్తు వెనక పనిచేసే కోడ్‌లో చాలా భాగం ఓపెన్‌ఎస్ఎస్ఎల్. 2014 ఏప్రిల్లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. ప్రపంచం మొత్తం వాడుతున్న ఆ ప్రాజెక్టుకి అప్పటిదాకా ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఆ గొడవ తర్వాతే పెద్ద కంపెనీలు కలిసి డబ్బు పెట్టాయి. వాడేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. బిల్లు ఎవరూ పంపలేదు, అంతే.

5. కోడ్ ఎవరిది?

ఇది మన సాహిత్య క్లబ్‌కి ప్రత్యేకం. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందే లెక్క. కథ, కవిత ఉన్న గూట్లోనే నా పైథాన్ కోడ్ కూడా ఉంది. ఇక నుంచి క్లబ్‌లో నన్ను "నువ్వేం రాస్తావు?" అని ఎవరూ అడగొద్దు.

జోక్ పక్కన పెడితే ఇది చాలా అవసరమైన విషయం. ఉద్యోగంలో, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీది. సొంతంగా పనిచేసేవాడు కస్టమర్‌కి రాసిచ్చిన కోడ్ మాత్రం, రాతపూర్వకంగా ఇచ్చేస్తే తప్ప, మామూలుగా రాసినవాడిదే. నోటి మాట చాలదు, సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఎంతకాలానికో రాయకపోతే చట్టం ఐదేళ్ళు అనుకుంటుంది, ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశం వరకు అనుకుంటుంది.

దీనివల్ల ఉపయోగం ఏమిటంటే, బాబాయ్ షాపుకి రాసిన ఖాతా ప్రోగ్రామ్‌ని నేను పక్క ఊరి షాపుకి కూడా అమ్ముకోవచ్చు. 86,000 ఖర్చుని పదిమంది మీద పంచడం అంటే ఇదే. కానీ ఆయన లెక్కలు, రైతుల పేర్లు, బాకీలు నావి కావు. అవి ఇంకో చోట కనపడకూడదు. ఈ రెండూ మొదట్లోనే కాగితం మీద పెడితే ఇద్దరికీ భయం ఉండదు.

కాగితం అంటే స్టాంపు పేపరు, లాయరు అక్కర్లేదు. చిన్న పనికి ఒక పేజీ చాలు. నేనిప్పుడు వాడే పేజీలో ఉండేవి ఇవి: ఏమేం చేస్తాను, ఏం చేయను, ఎప్పటికి ఇస్తాను, మొత్తం ఎంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి, ఇచ్చాక ఎన్ని రోజులు తప్పులు ఊరికే సరిచేస్తాను, ఆ తర్వాత నెలకి ఎంత, మార్పులకి గంటకి ఎంత, కోడ్ ఎవరిది, డేటా ఎవరిది. డబ్బులు మూడు భాగాలు: మొదలుపెట్టే ముందు 30 శాతం, సగం చూపించాక 40, అప్పజెప్పేటప్పుడు 30. "ఏం చేయను" అన్న లైన్ రాయడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది కూడా అదే.

6. పన్నులు, రెండు ముక్కల్లో

ఈ భాగం బోర్ అని దాటేయకండి. ఫ్రీలాన్సింగ్ డబ్బు కూడా ఆదాయమే. పాన్ కార్డు, విడిగా ఒక బ్యాంకు ఖాతా, ప్రతి బిల్లుకి ఒక నంబరు, ఈ మూడూ మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ఇంటి ఖర్చు, పని ఖర్చు ఒకే ఖాతాలో కలిపితే మార్చిలో ఏడుస్తారు.

మన చిన్న వృత్తిదారులకి ఒక వెసులుబాటు ఉంది. ఆదాయపు పన్ను చట్టం కింద, కొన్ని వృత్తులవాళ్ళు వచ్చిన మొత్తంలో సగాన్ని లాభంగా చూపించి పన్ను లెక్క కట్టుకోవచ్చు, ప్రతి ఖర్చుకీ రసీదు దాచక్కర్లేదు. చట్టాలు, సెక్షన్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి రిటర్న్ వేసే ముందు ఆడిటర్‌ని అడగండి. కంపెనీలు మనకి ఇచ్చేటప్పుడు టీడీఎస్ పట్టుకుంటాయి. అది పోయిన డబ్బు కాదు. కట్టాల్సిన దానికన్నా ఎక్కువ పట్టుకుంటే రిటర్న్ వేశాక వెనక్కొస్తుంది. జీఎస్టీ అయితే, మన రెండు రాష్ట్రాల్లో సేవలు అమ్మేవాళ్ళకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి మొదటి కస్టమర్ దొరక్కముందే జీఎస్టీ నంబరు గురించి భయపడక్కర్లేదు.

7. మళ్ళీ షాపుకి

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు బాబాయ్ షాపుకి వెళ్ళా. లోపల పది నిమిషాలు కూర్చున్నా, నోరు రాలేదు. కోడ్‌లో తప్పుంటే భయపడకుండా వెతుకుతా కానీ, చిన్నప్పటి నుంచి చాక్లెట్లు కొనిపెట్టిన మనిషిని డబ్బులు అడగడం నావల్ల కాదనిపించింది. చివరికి ఫోన్లో వేసుకున్న లెక్క చూపించా. 190 గంటలు. ఏ రోజు ఏం చేశానో తేదీలతో.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. కోప్పడతారనుకున్నా. "ఇన్ని గంటలా? నువ్వు ఏదో నొక్కితే అయిపోతుందనుకున్నానమ్మా. ముందే చెప్పొచ్చు కదా" అన్నారు.

అప్పటిదాకా ఆయన నన్ను వాడుకున్నారనే అనుకున్నా. నిజానికి ఆయనకి తెలియదు. చెప్పాల్సింది నేను, చెప్పలేదు. బస్తా యూరియా ఇస్తే ఆయన వెంటనే ఖాతాలో రాసుకుంటారు. నేను 80 గంటలు ఇచ్చి ఎక్కడా రాయలేదు. రాయని బాకీ ఎవరు తీరుస్తారు?

పాత గంటలకి నేను ఏమీ అడగలేదు. పిన్ని జాకెట్టు లాగా "ఊరికే" అని రాసుకున్నా. ఇకముందు సంగతి మాట్లాడుకున్నాం. నేను నెలకి 1,000 అన్నా. ఆయన 500 అన్నారు. పైగా "పంట వచ్చాక ఇస్తాలే" అని నవ్వారు. 700 దగ్గర ఆగాం, ప్రతి నెలా ఐదో తారీఖు. తప్పులుంటే ఊరికే, మార్పులుంటే వేరే బిల్లు, రాత్రి 8 దాటాక ఫోన్ లేదు. ఇదంతా ఆయన బిల్లు బుక్‌లోనే రాశారు, కార్బన్ పెట్టి. పై కాగితం నాకు, కింది కాపీ ఆయనకి. పక్క మండలంలో వాళ్ళ బావమరిది షాపుంది, ఆయనకి కూడా కావాలేమో అడుగుతానన్నారు.

నెలకి 700తో ఎవరూ బతకలేరు. నాకు తెలుసు. 62,500 కావాలంటే ఇలాంటి షాపులు 89 కావాలి. అందుకే వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్స్‌కి కూర్చుంటా. మా నాన్న ఎడ్యుకేషన్ లోన్‌కి సంతకం పెట్టారు, దాని వాయిదాలు నా ఇష్టం కోసం ఆగవు. జిమ్ నాఫ్ లాగా ఉద్యోగం పక్కన పెట్టుకునే షాపులు ఒకటొకటిగా చేర్చుకుంటా. ఇప్పటికి రెండు. 87 తక్కువ.

ఇంటిపని

1. మీ గంట ధర లెక్కగట్టండి. ఖర్చులు మీ ఇంటివి వేసుకోండి, నావి కాపీ కొట్టొద్దు.

2. ఇప్పటిదాకా సీనియర్లకి, చుట్టాలకి, ఫెస్ట్‌లకి ఊరికే చేసిచ్చిన వెబ్‌సైట్లు, యాప్‌లు ఒక కాగితం మీద గంటలతో సహా రాయండి. డబ్బులు అడగమని కాదు. ఎన్ని ఇచ్చారో మీకైనా తెలియాలి కదా.

3. ఈసారి ఎవరైనా "చిన్న పని" అంటే, అవును అనే ముందు "ఆది ఏదండీ?" అని అడగండి.